నరసన్నపేట రెండుసార్లు ఎందుకొచ్చింది?

పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసే మా బావ కస్టమర్ల లిస్టులో ఊరివారీగా లెక్క తీస్తే నరసన్నపేట రెండు వరుసల్లో వచ్చింది. కళ్లకి రెండూ ఒకటే, అటూ ఇటూ ఉన్న ఖాళీలు తీసే ట్రిమ్ ఫంక్షన్ కొట్టినా పోలేదు. పోదు మరి, ఆ లిస్టు ఉన్న డేటాబేస్ మైఎస్‌క్యూఎల్‌లో ట్రిమ్ మామూలుగా స్పేస్‌నే తీస్తుంది, ట్యాబ్‌నీ, వెబ్ పేజీల నుంచి కాపీ చేసినప్పుడు అంటుకొచ్చే నాన్ బ్రేకింగ్ స్పేస్‌నీ ముట్టుకోదు.

ఇలాంటప్పుడు లెంగ్త్ ఫంక్షన్ని అడగండి, అది అక్షరాలు కాదు, బైట్లు లెక్కపెడుతుంది. అక్షరాల్ని బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు ఒక్కోటీ 3 బైట్లు కాబట్టి నరసన్నపేటకి 27 రావాలి, రెండో వరుసలో 29 వచ్చింది. బైట్లని కోడ్‌గా చూపించే హెక్స్‌లో చూస్తే చివర్న సి2ఎ0, అంటే ఆ నాన్ బ్రేకింగ్ స్పేస్, అదే దొంగ. రీప్లేస్ ఫంక్షన్‌తో దాన్ని మామూలు స్పేస్‌గా మార్చి అప్పుడు ట్రిమ్ కొడితే సరి (ముందు టేబుల్‌కి బ్యాకప్ తీయండి బాబూ).

అయితే కనిపించనివన్నీ ఊడ్చేసే రెడీమేడ్ స్క్రిప్టులు మాత్రం తెలుగు మీద వాడకండి, ఎందుకంటే హెక్స్‌లో ఇ2808సి అని కనిపించే జీరో విడ్త్ నాన్ జాయినర్ (పొల్లు తర్వాతి అక్షరం ఒత్తుగా మారకుండా ఆపే కనిపించని గుర్తు) మనకి కావాలి, అది తీసేస్తే ‘ఎక్స్‌పోర్ట్స్’ కాస్తా ‘ఎక్స్పోర్ట్స్’ అయి బిల్లు మీద అలాగే ప్రింటవుతుంది. పదం చివర ఊరికే వేలాడుతుంటే తీసేయొచ్చు, మధ్యలోది వదిలేయండి.