ఒక ముఖానికి ఒక స్పాంజి

శనివారం. పొద్దున్నుంచీ ముసురు. ఫంక్షన్లలో పిల్లల ముఖాల మీద రంగులతో బొమ్మలు వేయడం నా పని. ఎండ లేకపోతే ఇందులో ముందు పాడయ్యేవి స్పాంజీలే. రాత్రి సబ్బుతో ఉతికి దండెం మీద వేసినవి తెల్లారినా చెమ్మగానే ఉన్నాయి. అలాగే డబ్బాలో పెట్టి మూత వేస్తే ముక్క వాసన, ఆ వెనకే బూజు. రంగు కేకులూ, అంటే గట్టి రంగు బిళ్ళలూ అంతే, తడి ఆరకుండా మూయకూడదు. టిఫిన్ సంగతి తర్వాత చూద్దామని ఫ్యాన్ కింద పేపర్లు పరిచి అన్నీ పేర్చాను. మా ఆయన వంటింట్లోకి వెళ్ళాలంటే గోడవారన నడవాల్సి వచ్చింది.

సాయంత్రం కొంపల్లిలో బర్త్‌డే. కింది వాటా అమ్మాయి కూడా వస్తానంది. డిగ్రీ చదువుతోంది, ముగ్గులు బాగా వేస్తుంది, పెళ్ళిళ్ళకి మెహందీ పెడుతుంది. "డబ్బులు బాగానే వస్తాయంట కదక్కా, నాకూ నేర్పు" అని ఎప్పట్నుంచో అడుగుతోంది. మధ్యాహ్నం నేను సంచీ సర్దుకుంటుంటే తన రంగులు తెచ్చి చూపించింది. యాక్రిలిక్! సీసా మీద 'నాన్ టాక్సిక్' అని ఉందిగా, ఇంకేం భయం అని దాని ధీమా. అది బొమ్మలు వేసుకునే రంగు గురించి రాసిన మాట, పిల్లల చెంపల గురించి కాదు. ఆరాక ప్లాస్టిక్ పొరలా పట్టేసుకుంటుంది, లాగితే ఏడుపే.

మనకి కావాల్సింది కాస్మెటిక్‌గా తయారైన రంగు, నీళ్ళతో తడిపి వాడే కేకు. బెర్లిన్‌లో 1945లో మొదలైన క్రయోలాన్, న్యూయార్క్‌లో 1927 నుంచీ ఉన్న మెహ్రాన్ లాంటి కంపెనీలు స్టేజీ మేకప్‌తో పేరు తెచ్చుకున్నాయి. ఖరీదెక్కువే. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే పేరూ ఊరూ లేని పాలెట్లు చూసి ఆశపడొద్దని చెప్పాను. 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం బయటి దేశం సరుకు మీద దిగుమతిదారు చిరునామా, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. అవి లేకపోతే పక్కన పెట్టెయ్యడమే. మెరుపుల పొడి కూడా స్టేషనరీ షాపుది వాడను. ఆ ముక్కల అంచులు గరుకు, కంట్లో పడితే కనుగుడ్డు గీసుకుపోతుంది.

దారిలో ఆటోలో దాని చేతి మీదే గీతలు వేయించాను. మెహందీ చేయి కదా, సన్నగీత చక్కగా వస్తోంది, కానీ మొదట్నుంచి చివరిదాకా ఒకటే మందం. కోన్ నొక్కే అలవాటు. బ్రష్ అలా కాదు, ముందు కుచ్చు మధ్యలో లావుగా ఉండే పొట్ట ఆనించి, లాగుతూ మెల్లగా పైకి లేపాలి. లావుగా మొదలై మొనదేలే ఆ గీత ఒక్కటి వస్తే పులి చారలు, సీతాకోకచిలుక రెక్కలు, తీగలు అన్నీ వచ్చినట్టే. కాగితం మీద ఎంత వేసినా లాభం లేదు, చర్మం సాగుతుంది. తన ముంజేతి మీదో పిక్క మీదో వేసుకోవాలి. ఆటో గుంతలో పడ్డప్పుడల్లా ఇద్దరం నవ్వుకున్నాం.

హాల్లో ఈవెంట్ మేనేజర్ ఎదురొచ్చి "నలభై మంది పిల్లలక్కా, రెండు గంటల్లో లేపేయాలి" అన్నాడు. ముఖానికి అయిదు నిమిషాలనుకున్నా నలభై మందికి రెండొందల నిమిషాలు. మధ్యలో కేక్ కటింగ్ ఉంటుంది, పిల్లలు చెంపలకి క్రీముతో తిరిగొస్తారు, అది తుడవాలి. ఈ లెక్క ఎవరూ వెయ్యరు. నిండు ముఖం బొమ్మలు కొన్ని, మిగతావన్నీ చెంప మీద చిన్న బొమ్మలు అని బోర్డు పెట్టి టోకెన్లు ఇచ్చాను. నన్నడిగితే ఈ వృత్తిలో సగం పని క్యూ నడపడమే. బొమ్మ బాగా వేసేవాళ్ళు ఈ ఊళ్ళో చాలామంది ఉన్నారు.

మిగతా సగం, వద్దని చెప్పడం. ఒకావిడ ఏడాది నిండని పాపని తెచ్చి "చిన్న పువ్వు వెయ్యమ్మా, ఫొటో కోసం" అంది. మూడేళ్ళ లోపు వాళ్ళకి ముఖం మీద వెయ్యనండీ అంటే మొహం మాడ్చుకుంది. పాప గౌను మీద మెరుపుల స్టిక్కర్ అంటించాను, కాస్త మెత్తబడింది. ఇంకో బాబుకి పెదవి పక్కన పుండు. వాడికి చేతి మీద డైనోసార్ వేసి, ఆ నీళ్ళు పారబోయించి, బ్రష్ విడిగా కవర్లో పెట్టాను. ఒక స్పాంజి ఒక ముఖానికే, మళ్ళీ ఉతికేదాకా ముట్టను. మా కింది వాటా అమ్మాయి ఒకసారి అలవాటుగా బ్రష్ మొన నోట్లో పెట్టుకోబోతే చేయి పట్టుకుని ఆపాను.

అన్నిటికన్నా సరదా పులే. అడిగినవాళ్ళలో సగం మందికి అదే కావాలి. పసుపూ నారింజా స్పాంజితో అద్ది, కళ్ళపైనా మూతి చుట్టూ తెలుపు, ఆపైన నల్ల చారలు. మా విజయనగరం వైపు దసరాకి పులివేషం కట్టేవాళ్ళు గుర్తొస్తారు నాకు. ఒళ్ళంతా రంగు పూయించుకుని, ఆరేదాకా చేతులు చాచి నిలబడేవాళ్ళు, డప్పు మోగితే తప్ప కదిలేవాళ్ళు కాదు. నా కుర్చీలో పులి మాత్రం మూడో చారకే "ఆంటీ, అయిపోయిందా" అంటుంది. కంటి కింద గీసేటప్పుడు "పైన బెలూన్లెన్నో లెక్కపెట్టు" అంటాను, తల కదలదు.

ఒక పులికి చెంప మీద దిష్టిచుక్క ఉంది. తుడవబోతే వాళ్ళ నాయనమ్మ ఒప్పుకోలేదు. "మరీ ముద్దొస్తున్నాడు, ఉండనియ్యమ్మా" అంది. చార దాని చుట్టూ తిప్పి గీశాను.

వెళ్ళేటప్పుడు తల్లులకి చెప్పే మాట ఒకటే. వైప్స్‌తో రుద్దకండి, సబ్బు నురగ ముందు ముఖానికి పట్టించి తర్వాత నీళ్ళు పొయ్యండి. ఎరుపూ నీలమూ కొందరికి లేతగా మరక ఉంటుంది, మర్నాటికి పోతుంది.

ఇంటికొచ్చేసరికి నడుము పట్టేసింది. కింది వాటా అమ్మాయి మాత్రం బ్రష్‌లు కడుగుతూ తనకి సొంత కిట్ కొనాలంటే ఎంతవుతుందో లెక్కలేస్తోంది. అంతలో మేనేజర్ మెసేజ్: వచ్చే ఆదివారం అపార్ట్‌మెంట్ ఫంక్షన్, అరవై మంది పిల్లలు, అవే రెండు గంటలు, అదే రేటు. "ఇద్దరం వస్తాం, ఇద్దరికీ డబ్బులివ్వాలి, మూడు గంటలు కావాలి" అని పెట్టాను. "ఓనర్‌ని అడిగి చెప్తానక్కా" అన్నాడు.