బ్లైండ్లు కొట్టడం, కాపాడుకోవడం: టోర్నమెంటు చివరి గంటల్లో నా అనుభవం

సంక్రాంతికి మా ఇంటి అరుగు మీద ఆడే పదమూడు ముక్కల రమ్మీలో మొదటే డ్రాప్ అయితే 20 పాయింట్లు, మధ్యలో వదిలేస్తే 40 పాయింట్లు పడేవి. వదిలేయడానికీ ఒక ధర ఉంటుందని ఆ ఆట నాకు చిన్నప్పుడే నేర్పింది. డల్లాస్ వచ్చి పోకర్ మొదలుపెట్టాక ఆ పాఠం మరిచిపోయాను. పోకర్‌లో బ్లైండు, అంటే ముక్కలు చూడకముందే కట్టి తీరాల్సిన పందెం, మన మీద లేనప్పుడు ముక్కలు వదిలేస్తే ఒక్క చిప్పు కూడా పోదు, అందువల్ల వదిలేయడం ఉచితమనిపిస్తుంది. అది ఉచితం కాదని నాకు అర్థమైంది పోయిన వేసవిలో, లాస్ వేగస్‌లో.

వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ జరిగే ఆ వారాల్లో ఊరంతా చిన్నచిన్న టోర్నమెంట్లు నడుస్తుంటాయి. నేను కూర్చున్నది అలాంటి ఒక్కరోజు ఆటలో. మొత్తం 112 మంది, ఒక్కొక్కరికి 20,000 చిప్స్, 14 మందికి బహుమతి. రాత్రి తొమ్మిదింటికి రెండు టేబుళ్ళలో 18 మందిమి మిగిలాం. స్మాల్ బ్లైండు 4,000, బిగ్ బ్లైండు 8,000. దానికి తోడు బిగ్ బ్లైండు వేసేవాడే టేబులందరి తరఫునా మరో 8,000 యాంటీ కట్టాలి. అంటే ప్రతి ఆటా మొదలయ్యేసరికే మధ్యలో 20,000 ఉంటుంది, ఒక చుట్టు తిరిగేసరికి మన దగ్గరనుంచీ అంతే పోతుంది. అప్పటికి నా దగ్గర ఉన్నవి 88,000. మంచి ముక్కల కోసం చేతులు కట్టుకుని కూర్చుంటే నాలుగు చుట్లకు మించి బతకను, అరగంటకోసారి బ్లైండ్లు పెరుగుతాయి కనుక నిజానికి అన్ని చుట్లు కూడా ఉండవు.

కాబట్టి బ్లైండ్లు కొట్టడాన్ని, అంటే పెద్ద పందెంతో మిగతావాళ్ళు వదిలేసేలా చేసి మధ్యలో ఉన్నవి తీసుకోవడాన్ని, ధైర్యసాహసాల వ్యవహారంగా చూడటం మానేసి, ఇంటి అద్దె సంపాదించుకోవడంగా చూడటం మొదలుపెట్టాను. బటన్ మీద, అంటే బ్లైండ్లు కట్టే ఇద్దరికీ ముందు స్థానంలో, కూర్చున్నప్పుడు నాకు రాజు, తొమ్మిది ఒకే రంగులో (ఒకే గుర్తుతో) వచ్చాయి, ముందున్న వాళ్ళందరూ వదిలేశారు. ఉన్న 88,000 మొత్తం నెడితే, ఇద్దరూ వదిలేసినప్పుడు 20,000 లాభం. బిగ్ బ్లైండు కాల్ చేస్తే (అంతే పందెం కలిపితే) కుప్ప 1,88,000 అవుతుంది. అందులో నేను నూటికి 35 సార్లు గెలిచినా నా సగటు వాటా దాదాపు 66,000, అంటే కాల్ పడిన ప్రతిసారీ సగటున పోయేది 22,000 మాత్రమే. ఈ లెక్కన వాళ్ళు సగం కంటే కాస్త ఎక్కువ సార్లు వదిలేస్తే చాలు. ముక్కలకు విలువే లేదనుకుని, కాల్ పడితే ఓడిపోవడమే అనుకుని లెక్క వేస్తే మాత్రం నూటికి 81 సార్లకు పైగా వాళ్ళు వదలాలి. ఈ రెండు అంకెల మధ్య దూరమే ఏ ముక్కలతో నెట్టాలో, వేటితో నెట్టకూడదో చెబుతుంది.

లెక్కతో పాటు నా ఎడమవైపు చూడటం కూడా ఆ రోజే అలవాటైంది. స్మాల్ బ్లైండులో ఉన్న పెద్దాయన తన వంతు రాకముందే ముక్కలు చూసేసి, వదలబోయేవైతే వాటిని రెండు వేళ్ళతో అంచు పట్టుకుని గాలిలో ఉంచేవారు. ఆడబోయేవైతే బల్ల మీద పెట్టి పైన ఒక చిప్పు ఉంచేవారు. ఆ వేళ్ళు గాలిలో కనిపించినప్పుడు నాకు అడ్డం ఒక్కరే మిగిలినట్టు. నెట్టాను, ఇద్దరూ వదిలేశారు.

కొట్టడం ఇలా ఒక దారికి వచ్చింది కానీ, కాపాడుకోవడంలోనే నేను తేలిపోయాను. బటన్ మీదున్న కుర్రాడు 16,000కు రైజ్ చేస్తే (పందెం పెంచితే), బిగ్ బ్లైండులో ఉన్న నేను జాకీ-ఏడు ఒకే రంగులో ఉన్నా వదిలేశాను. తరువాతి చుట్టులో అతడే మళ్ళీ రైజ్ చేస్తే తొమ్మిది-ఎనిమిది కూడా వదిలేశాను. విరామంలో, మధ్యాహ్నమే ఓడిపోయి గోడకు ఆనుకుని చూస్తున్న మా గుంటూరు మిత్రుడు దగ్గరకొచ్చి, "ఏంటి బావా, బ్లైండు వచ్చినప్పుడల్లా వాడికి దానం చేస్తున్నావు?" అన్నాడు. నేను నవ్వేశాను గానీ, కాఫీ తాగుతూ లెక్క వేస్తే నవ్వు ఆగిపోయింది. మధ్యలో అప్పటికే 36,000 ఉంది, నేను కలపాల్సింది 8,000. నూటికి 18 సార్లు గెలిచినా ఖర్చు గిట్టుతుంది. ఫ్లాప్ (బల్ల మీద తెరిచే మొదటి మూడు ఉమ్మడి ముక్కలు) తరువాత ముందుగా మాట్లాడాల్సింది నేనే కనుక అందులో కొంత చేజారుతుంది, అయినా ఆ రెండుసార్లూ వచ్చిన ముక్కలు ఆ ధరకు ఏ విధంగానూ వదలదగ్గవి కావు.

అలాగని కోపంతో కాపాడుకోవడం కూడా తప్పే. బల్ల మీద పెట్టిన బ్లైండు ఇక మనది కాదు, కుప్పది. 15 మంది మిగిలి, ఒక్కరు పోతే అందరికీ డబ్బు ఖాయమయ్యే సమయంలో, బ్లైండ్లు 6,000, 12,000 ఉండగా, కుడిపక్కనున్న పెద్ద స్టాక్ (చిప్స్ నిల్వ) ఉన్న మనిషి స్మాల్ బ్లైండు నుంచి నా మీదకు మొత్తం నెట్టాడు. నా చేతిలో రాజు-తొమ్మిది, వేరు వేరు రంగులు; బ్లైండూ యాంటీ పోగా మిగిలినవి 1,18,000. అతడు ఏ ముక్కలతోనైనా నెడుతున్నాడనే నా నమ్మకం. అదే నిజమైతే నేను సగానికి పైగా గెలుస్తాను, చిప్స్ లెక్కకు 43 శాతం చాలు. అయితే పక్క టేబుల్లో ఇద్దరి దగ్గర మూడు బిగ్ బ్లైండ్లకు సరిపడా చిప్స్ కూడా లేవు. వాళ్ళు ఉండగా నేను పోతే చేతికి వచ్చేది సున్నా. గెలిచి స్టాకు రెట్టింపైనా బహుమతిలో నా వాటా రెట్టింపు కాదు. డీలరు నావైపు చూస్తుండగా చాలాసేపు ఆలోచించి వదిలేశాను. నాలుగు ఆటల తరువాత పక్క టేబుల్లో చప్పట్లు వినిపించాయి.

చివరి టేబుల్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఆరుగురం మిగిలాక, 10,000, 20,000 బ్లైండ్ల దగ్గర, 1,50,000తో బటన్ మీద రాణి-పది ఇస్పేట్లు నెట్టాను. బిగ్ బ్లైండు ఆసు-నాలుగుతో కాల్ చేసింది, ఆసే నిలిచింది. ఆరో స్థానం. హోటలుకు నడుస్తూ ఫోన్లో రాసుకున్నది మాత్రం ఆ ఆట గురించి కాదు. "4,000–8,000: జాకీ-ఏడు, తొమ్మిది-ఎనిమిది, రెండూ కాల్" అని రాసుకున్నాను.