పైడిభీమవరం నుంచి పలాస దాకా

ఫార్మ్.డి (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ, మందుల వాడకం మీద చదువు) మూడో ఏడాది అయ్యేసరికి మా ఇంట్లో ఒకటే ప్రశ్న: "చదువయ్యాక మెడికల్ షాపు పెడతావా?" నా దగ్గర జవాబు లేదు. క్లినికల్ ఫార్మసీ (ఆస్పత్రిలో రోగుల మందులు చూసుకోవడం), ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ప్రభావాల మీద నిఘా), రెగ్యులేటరీ అఫైర్స్ (మందులకి అనుమతుల పని) అని క్లాసులో విన్న పేర్లు చాలానే ఉన్నాయి. కానీ ఆ పని చేసేవాళ్లు పొద్దున్న డ్యూటీకి వెళ్లి అసలు ఏం చేస్తారో చూడలేదు. సెలవుల్లో మూడు రోజులు పెట్టుకుని విజయనగరం నుంచి బయల్దేరాను.

మొదటి రోజు పైడిభీమవరం. నాతవలస జంక్షన్‌లో దిగి హైవే మీద బస్సు మారాను. ఒక బల్క్ డ్రగ్ కంపెనీలో క్యూసీ, అంటే నాణ్యత పరీక్షల పని, చేస్తున్న మా సీనియర్ అక్క షిఫ్ట్ దిగి నేరుగా టీ కొట్టు దగ్గరకే వచ్చింది. మాత్రలో అసలు మందు తయారయ్యేది ఇలాంటి చోటే. ప్రతి బ్యాచ్ నుంచీ శాంపిల్ తీసి, అందులో ఏమేం ఉన్నాయో విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ మిషన్‌లో పెడతారు. గ్రాఫ్ మీద ఉండకూడని చోట చిన్న పీక్ లేచినా బ్యాచ్ అక్కడే ఆగుతుంది, కారణం తేలేదాకా కదలదు. "ఎంత బాగా చేసినా, రాయకపోతే చేయనట్టే లెక్క" అంది అక్క. విదేశాలకు పంపే ఫైళ్లు తయారుచేసే రెగ్యులేటరీ పని గురించీ చెప్పింది. ఓపికగా చదివేవాళ్లకి అది మంచి దారి. చివరికి నా వైపు చూసి, "నీకు మనుషులతో మాట్లాడకపోతే తోచదు కదే. పలాస వెళ్లి అక్కడి కిడ్నీ రోగుల్ని చూడు" అంది.

మర్నాడు పలాస రైలెక్కాను. నౌపడ దగ్గర ఉప్పు కుప్పలు తెల్లగా మెరుస్తున్నాయి. కాశీబుగ్గ నుంచి ఆటోలో వజ్రపుకొత్తూరు వైపు వెళ్తుంటే దారి పొడవునా జీడి తోటలు, కొబ్బరి చెట్లు. ఈ ప్రాంతాన్నే ఉద్దానం అంటారు. ఇంత పచ్చటి చోట ఇంతమందికి కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. నీళ్లని, ఎండ దెబ్బని, నొప్పి మాత్రలని ఎన్నో అనుమానాలు. మా పెద్దనాన్నకి ఏడాదిగా డయాలసిస్.

భోజనాలయ్యాక ఆయన మందుల సంచి అడిగి, చాప మీద స్ట్రిప్పులన్నీ వరసగా పరిచాను.

"ఏటమ్మా, పరీచ్చలకి సదువుతున్నట్టు సూస్తన్నావు?" అని నవ్వాడు.

వాటిలో సెవెలమర్ ఉంది. తిండిలోని ఫాస్ఫరస్ ఒంటికి పట్టకుండా పేగులోనే పట్టి ఆపే మందు. భోజనంతో వేసుకుంటేనే పని చేస్తుంది. పెద్దనాన్నేమో పొద్దున్నే పరగడుపున అన్ని మాత్రలతో కలిపి మింగేస్తున్నాడు. "ఒకేపాలి ఏసేసుకుంటే పనైపోద్ది గదా!" అన్నాడు. ఖరీదైన మందు, నెలల తరబడి వృథా. సంచి అడుగున ఇంకో స్ట్రిప్ దొరికింది. డైక్లోఫెనాక్. మోకాళ్ల నొప్పికి ఎక్కడో షాపులో అడిగితే ఇచ్చారట. ఆయనకి ఇప్పటికీ కొంచెం మూత్రం వస్తోంది. కిడ్నీల్లో మిగిలిన ఆ కాస్త శక్తినీ ఇలాంటి నొప్పి మాత్ర తినేస్తుంది. నా గుండె గుభేలుమంది. అప్పుడే ఏమీ మార్చమని చెప్పలేదు, అది నా హద్దు కాదు. స్ట్రిప్పులు, వేసుకుంటున్న వేళలు కాగితం మీద రాసుకున్నాను.

మూడో రోజు ఆయనతోపాటు పలాస వెళ్లాను. 2023 డిసెంబర్‌లో అక్కడ 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. ఆయనకి డయాలసిస్ అక్కడే, నాలుగు గంటలు. ఆ మధ్యలో డాక్టరుగారు నా కాగితం చదివి, డైక్లోఫెనాక్ కొట్టేసి, సెవెలమర్ పక్కన 'భోజనంతో' అని పెద్ద అక్షరాలతో రాశారు. "ఇలా సంచి విప్పి చూసే మనిషి మాకు రోజూ కావాలమ్మా" అన్నారు.

మన దేశంలో ఫార్మ్.డి 2008లో మొదలైంది. ఆరేళ్ల చదువు, చివరి ఏడాదంతా ఆస్పత్రిలోనే. మందు ఎలా వాడాలో రోగికి చెప్పడం ఫార్మసిస్టు బాధ్యతేనని 2015 ఫార్మసీ ప్రాక్టీస్ రెగ్యులేషన్స్ (ఫార్మసిస్టులు పాటించాల్సిన నియమాలు) కూడా చెబుతున్నాయి. అయినా ఆ పనికంటూ విడిగా పోస్టు ఉన్న ఆస్పత్రులు చాలా తక్కువ. ఉద్దానం లాంటి చోటైనా ఉండాలని నా గట్టి కోరిక. నేను చేయాలనుకుంటున్నదీ ఆ పనే. కిడ్నీ మందుల్లో ప్రత్యేకంగా ట్రైనింగ్ తీసుకుంటానని ఇంట్లో చెప్పేశాను.

వారం తర్వాత పెద్దనాన్న ఫోన్ చేశాడు. "అన్నంతోనే ఏసుకుంటన్నానమ్మా. పక్కింటి తాత కూడా తన మందుల సంచి తెచ్చి మా అరుగు మీద పెట్టాడు. ఎప్పుడొస్తావు?"