సబ్మిట్ నొక్కే ముందు

గ్రూప్స్ నోటిఫికేషన్ పడితే చాలు, హనుమకొండలోని మా నెట్ సెంటర్ నిండిపోతుంది. "అక్కా, తొందరగా సబ్మిట్ చెయ్" అంటారు పిల్లలు. నేను చెయ్యను. ప్రివ్యూ ప్రింట్ తీసి, పెన్ను చేతికిచ్చి, టెన్త్ మెమో పక్కన పెట్టుకుని ఒక్కో అక్షరం చూడమంటాను. చాలామందికి ఇంటిపేరు మెమోలో ముందుంటే ఆధార్‌లో చివర ఉంటుంది.

అన్నిటికంటే ఎక్కువసేపు స్థానికత దగ్గర ఆగుతాను. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం తెలంగాణలో ఒకటి నుంచి ఏడో తరగతి వరకు ఎక్కడ చదివారన్నదే లెక్క. పాత పద్ధతిలో నాలుగు నుంచి పది అనుకుని నింపేసేవాళ్లు ఇప్పటికీ వస్తారు. 95 శాతం పోస్టులు స్థానికులకే అయినప్పుడు, జిల్లా తప్పు పడితే ఆ చదువంతా ఏం కావాలి? హాస్టళ్లు మారుతూ చదివిన పిల్లలకు ఏ తరగతి ఏ జిల్లాలోనో వెంటనే గుర్తురాదు. అమ్మకు ఫోన్ చేయించి, బోనఫైడ్లు వాట్సాప్‌లో తెప్పించి, అప్పుడే నింపుతాను.

రెజ్యూమె అయితే పైకి చదివిస్తాను. కంటికి ఆనని తప్పు నోటికి తగులుతుంది. ఫోన్ నంబరు మాత్రం పక్కవాళ్లతో చదివించండి. సొంత నంబరు కంఠస్థం కాబట్టి, అక్కడ తప్పున్నా మనం సరిగ్గానే చదివేస్తాం.