చీమకుర్తి రాయి, మా అమ్మాయి మట్టి

"అమ్మా, నువ్వు ప్రతిదాన్నీ తెలుగు చేసేస్తావ్."

మొన్న వేసవి సెలవుల్లో ఒంగోలులో, మా అమ్మావాళ్ళ ఇంటి వరండాలో కూర్చుని మా అమ్మాయి అన్న మాట ఇది. అరవలేదు, అలగలేదు. రోజంతా పనిచేసి అలిసిపోయిన పెద్దవాళ్ళు అన్నట్టు అంది. తనకి 11 ఏళ్ళు. మేం డాలస్ తిరిగొచ్చి రెండు నెలలవుతోంది. ఆ మాట మాత్రం నన్ను వదలడం లేదు.

అప్పుడు తన చేతిలో పాలిమర్ క్లేతో చేసిన నల్లని బిళ్ళ ఒకటి ఉంది. ఆ బిళ్ళ సంగతి తర్వాత చెబుతాను.

ఈ క్లే పిచ్చి రెండేళ్ళ కిందట మొదలైంది, ఎవరి పుట్టినరోజుకో రిటర్న్ గిఫ్ట్‌గా ఇచ్చిన చిన్న సెట్‌తో. మట్టి అని మనం అంటాం గానీ అది మట్టి కాదు. పీవీసీ పొడి, దాన్ని మెత్తగా ఉంచే ప్లాస్టిసైజర్, రంగులు. గాలికి ఆరదు. కంపెనీని బట్టి కాస్త అటూ ఇటూగా 130 డిగ్రీల వేడిలో, 6 మిల్లీమీటర్ల మందానికి అరగంట చొప్పున ఓవెన్‌లో ఉంచితేనే గట్టిపడుతుంది. ఇవేవీ నేను నేర్పినవి కావు. అన్నీ వీడియోల్లో నేర్చుకుంది. తను చూసే వీడియోల్లో చాలావాటిలో మనిషి మొహం కనపడదు, రెండు చేతులే కనపడతాయి. ఆ చేతులు ఎలా చేస్తే తనూ అలాగే చేస్తుంది. ముద్దను పిసికి, వంచి చూసి, పగిలితే మళ్ళీ పిసుకుతుంది. తెల్లరంగు ముట్టుకునే ముందు ప్రతిసారీ వైప్స్‌తో చేతులు తుడుచుకుంటుంది. అన్నానికి రమ్మని, చేతులు కడుక్కోమని నేను మాత్రం మూడుసార్లు చెప్పాలి. ముక్కూమొహం తెలియని ఆ చేతుల మీద నాకు అసూయగా ఉండేది. ఇంట్లో ఈ మాట ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు.

ఎందుకంటే మూడేళ్ళుగా శనివారం తెలుగు క్లాసుకి పంపుతున్నాను, ఒత్తుల దగ్గర ఇంకా తడబడుతూనే ఉంది. అదే స్కిన్నర్ బ్లెండ్ అనండి, కుర్చీలోంచి లేవదు. రెండు రంగుల క్లేని త్రికోణాలుగా కోసి, పక్కపక్కన చేర్చి, ఎప్పుడూ ఒకే వైపుకి మడుస్తూ రోలర్‌లో పాతిక ముప్ఫైసార్లు తిప్పాలి. అప్పుడు ఒక రంగు ఇంకో రంగులోకి మధ్యలో గీతే లేకుండా జారిపోతుంది. జూడిత్ స్కిన్నర్ అనే ఆవిడ కనిపెట్టింది కాబట్టి ఆవిడ పేరే పెట్టారు. అన్నిసార్లు ఓపిగ్గా తిప్పే పిల్ల ఒక్క గుణింతం రెండోసారి రాయదు. దాంతో నేనొక పని చేశాను. గొడవ చెయ్యకుండా ఒక క్లాసుకి వెళితే 57 గ్రాముల క్లే ప్యాకెట్ ఒకటి. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. ప్యాకెట్లు పెరిగాయి, తెలుగు పెరగలేదు. తెలుగంటే రంగుల కోసం కట్టాల్సిన రుసుము అని నా పిల్లకి నేనే నేర్పాను.

రోహిణి కార్తెలో ఒంగోలులో దిగాం. రోళ్ళు పగిలే ఎండలు. పైగదిలో పెట్టిన సూట్‌కేసులో క్లే ప్యాకెట్లు కొన్ని సగం ఉడికినట్టయిపోయాయి. పైన బిరుసు, నలిపితే పొడిపొడి. పిల్ల ఏడుపు మొహం పెట్టింది. మా అమ్మ ఒక ముక్క తీసుకుని వేళ్ళతో నొక్కి చూసి, "చలిమిడి గట్టిపడితే ఇట్లనే ఉంటది" అని పక్కన కూర్చుంది. బేబీ ఆయిల్ ఒక చుక్క వేస్తే మెత్తబడుతుందని వీడియోలో విన్నదాన్ని తను చెప్పింది, అమ్మ వేసింది. ఇద్దరూ మధ్యాహ్నమంతా ఫ్యాను కింద పిసుకుతూ కూర్చున్నారు. మాటలేమీ లేవు. "ఇంకొంచెమా?" "ఊఁ." "చాల్లే?" "ఊహూఁ." నేను వంటింట్లోంచి వింటున్నాను. అక్కడికి వెళ్ళి మాట కలపకుండా ఉండగలిగాను. ఆ సెలవుల్లో నేను సరిగ్గా చేసిన పని బహుశా అదొక్కటే.

క్లేకి వాడిన సామాను మళ్ళీ తిండికి వాడకూడదని తను భయంభయంగా చెప్పింది. అమ్మమ్మ తిడుతుందేమో అనుకుంది. అమ్మ మారుమాట లేకుండా అటక మీంచి పాత అప్పడాల కర్ర, పీట, సొట్టపోయిన జంతికల గొట్టం దింపి ఒక బుట్టలో వేసి, "ఇవి నీయి. వంటింట్లోకి తేబాక" అంది. మడిబట్టలు విడిగా ఆరేసుకునే మనిషికి ఆ నియమం కొత్తది కాదు. వీడియోల్లో డబ్బు పోసి కొనమని చూపించే ఎక్స్‌ట్రూడర్ పనిని ఆ జంతికల గొట్టం శుభ్రంగా చేసింది.

ఓవెన్ దగ్గరే కష్టమైంది. మా మరదలు కేకులు చేసుకునే ఓటీజీ అడగడం బాగుండదని చిన్నది ఒకటి కొన్నాను. మీటలో 130 పెడితే లోపల ఎంతుందో ఎవరికి తెలుసు? మొదటి విడత పూసలు గోధుమరంగుకి తిరిగి ఘాటైన పొగ వచ్చింది. పీవీసీ మాడితే హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది, అది పీల్చకూడదు. ఉన్న తలుపులన్నీ బార్లా తీసి అందరం బయట నిలబడ్డాం. తర్వాత లోపల పెట్టే థర్మామీటర్ తెప్పించాను. మీ ఇంట్లో పిల్లలు మొదలుపెడితే ముందు అది కొనండి, రంగులు తర్వాత కొనొచ్చు.

ఇక నేను చేసిన తప్పు.

కేన్ అని ఒక పద్ధతి ఉంది. పువ్వునో ఆకునో రంగు ముద్దలతో ఒక లావుపాటి దిమ్మెలా పేరుస్తారు. దాన్ని చుట్టూ నొక్కుతూ సాగదీస్తే దిమ్మెతో పాటు లోపలి బొమ్మ కూడా సన్నబడుతుంది. ఎక్కడ కోసినా అదే బొమ్మ. ఇటలీలో గాజుతో చేసే మిల్లెఫియోరి పనిలోంచి వచ్చింది ఇది. ఆ మాటకి వెయ్యి పువ్వులని అర్థం. తను పువ్వులు చేస్తోంది. నాకేమో పువ్వు బదులు 'అ' పెడితే బాగుంటుందనిపించింది. మార్కాపురం పలక మీద మా నాన్న నా చెయ్యి పట్టుకుని దిద్దించిన 'అ', ఇప్పుడు నా కూతురి చేతిలో, కోసిన ప్రతి ముక్కలోనూ. చెబితే "నాకు పువ్వులే చెయ్యాలనుంది" అంది. సరే అన్నాను. అని ఊరుకుని ఉంటే సరిపోయేది.

రాత్రి అందరూ పడుకున్నాక, తన నల్ల ప్యాకెట్ ఒకటి, తెల్ల ప్యాకెట్ ఒకటి తీసి, ఫోన్లో వీడియో పెట్టుకుని కూర్చున్నాను. నల్లని రేకును నిలబెట్టి ఆ ఒంపులన్నీ తిప్పాలి. ఒంపుల మధ్య ఖాళీల్లో తెల్లక్లేని సన్న పుల్లలుగా చేసి కూరాలి. ఒక్క ఖాళీ మిగిలినా, నొక్కినప్పుడు అక్షరం అటువైపు కుంగిపోతుంది. చేతులు తుడుచుకోవడం మరిచిపోయాను, తెల్లదంతా బూడిదరంగు అయింది. సాగదీసి కోసి చూస్తే ఒక ముక్కలో సున్న మూసుకుపోయింది, ఇంకో ముక్కలో తోక తెగిపోయింది. ఏ ముక్కలోనూ 'అ' లేదు. గంట ఒకటయింది. పారెయ్యడానికి మనసొప్పక బల్ల మీదే వదిలేసి పడుకున్నాను.

పొద్దున చూసి తను ఏడవలేదు. మిగిలిన నలుపు ఎంతుందో తీసి చూసుకుంది. "నేను వద్దన్నాను కదమ్మా" అంది. సారీ చెప్పాను. ఆ సారీకి కూడా "చూశావా, 'అ' రాయడం ఎంత కష్టమో" అని ఒక పాఠం తగిలించాను. ఎందుకలా అన్నానో ఇప్పటికీ నాకు తెలియదు.

ఆ మిగిలిన నలుపుతోనే తను ఇందాక చెప్పిన బిళ్ళ చేసింది. గెలాక్సీ అట, ఆ వీడియోలు బోలెడున్నాయి. నల్లక్లే మీద పల్చని బంగారు రేకు పరిచి కర్రతో ఒత్తితే, క్లే సాగుతుంది గానీ రేకు సాగలేదు కదా, పగిలి చుక్కలు చుక్కలుగా విడిపోతుంది. దాన్ని చింపి, కలిపి, మళ్ళీ ఒత్తి, కాల్చింది. పళ్ళెంలో నీళ్ళు పోసుకుని 400 నంబరు గరుకు కాగితంతో మొదలుపెట్టి 600, 800, 1000 వరకూ వరసగా రుద్దింది. ఆఖరున పాత జీన్స్ గుడ్డ. రెండు గంటలు పట్టింది. నల్లని నీళ్ళ అడుగున ఏదో వెలుగుతున్నట్టు ఉంది ఆ బిళ్ళ.

మా నాన్న కళ్ళజోడు సర్దుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది మన చీమకుర్తి రాయి గదమ్మా" అన్నాడు.

"కాదు తాతా, గెలాక్సీ."

"అదేనమ్మా. దాని పేరు గూడా గెలాక్సీనే. బ్లాక్ గెలాక్సీ."

నిజమా అన్నట్టు తను నా వైపు చూసింది. కళ్ళు మెరుస్తున్నాయి. నేను అవునని తల ఊపి ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు. వ్యాపారంలో గ్రానైట్ అంటారుగానీ అది గాబ్రో జాతి రాయి అని, ఆ బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజమని, అమెరికాలో వంటింటి గట్ల దాకా మన ప్రకాశం జిల్లా రాయి వెళుతుందని మొదలుపెట్టాను. అంతటితోనైనా ఆగానా? "రేపు చీమకుర్తి వెళదాం. వచ్చాక దీనిమీద తెలుగులో నాలుగు వాక్యాలు రాయి, తాతయ్య దిద్దుతాడు" అన్నాను.

అప్పుడు అంది ఆ మాట. తెలుగులోనే అంది, ఎక్కడా తడబడకుండా.

అంత విన్నాక కూడా మర్నాడు కారు పిలిపించాను. ఒంగోలు నుంచి 20 కిలోమీటర్ల పైచిలుకు. రోడ్డు పక్కన నంబర్లు వేసిన రాతి దిమ్మెలు, లారీలు, ఆకుల మీద తెల్లని దుమ్ము. ఒకచోట దూరం నుంచి క్వారీ గుంత కనిపించింది, మెట్లు మెట్లుగా కోసుకుంటూ దిగిపోయింది. కారు దిగమంటే దిగింది. "చాలా లోతు" అంది. ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. పిల్లని మూలాలకి దగ్గర చేస్తున్నావని అందరూ మెచ్చుకున్నారు. ఆ ఫోటోలో నా కూతురి మొహం చూస్తే నాకు గుండె పిండినట్టవుతుంది.

తిరుగుదారిలో నాన్న ఒక పాలిషింగ్ యూనిట్ దగ్గర ఆపించాడు. ఆయన దగ్గర చదువుకున్న పిల్లాడొకడు అక్కడ పని చేస్తున్నాడు. అంచులు కోయగా మిగిలిన పలక ఒకటి, ఒకవైపు పాలిష్ పట్టింది, నాన్న తెచ్చి మనవరాలి ఒళ్ళో పెట్టాడు. ఏమీ చెప్పలేదు. తను అరచేత్తో నిమిరి, చెంప ఆనించి చూసి, "ఎంత ఫ్లాట్‌గా ఉందో! దీనికి క్లే అంటుకోదు" అంది. క్లే పనికి అడుగున నున్నని టైలో రాయో ఉండాలి. తనకి కావలసింది దొరికింది. అది చీమకుర్తిది అయినందుకు కాదు, నున్నగా ఉన్నందుకు తీసుకుంది. వచ్చేటప్పుడు 23 కిలోల లెక్క సరిపోక నా ఆవకాయ డబ్బా తీసేసి, తువ్వాలులో చుట్టి ఆ రాయి పెట్టుకున్నాం.

ఈ క్లే పుట్టుకలోనూ ఒక తల్లీ కూతురూ ఉన్నారని ఈమధ్యే తెలిసింది. జర్మనీలో కేతె క్రూజె అని బొమ్మలు చేసే ఆవిడ. ఒక కొత్త పదార్థం బొమ్మల తలలకి పనికొస్తుందేమోనని చూసి, తన పనికి సరిపోదని పక్కన పెట్టింది. దాన్ని కూతురు సోఫీ తీసుకుని తన సొంత పనికి మలుచుకుంది. ఆ కూతురి ముద్దుపేరు ఫీఫీ. 1964లో అది ఎబెర్‌హార్డ్ ఫేబర్ కంపెనీ చేతికి వెళ్ళింది, అదే ఫీమో అనే పాలిమర్ క్లే. తల్లి పక్కన పెట్టింది కాబట్టే కూతురికి దక్కింది. చదివాక చాలాసేపు దాని గురించే ఆలోచించాను.

నాలాంటి అమ్మలకి ఒక మాట చెబుదామనే ఇదంతా మొదలుపెట్టాను. పిల్లలు ఇష్టపడి చేస్తున్న పనిని పాఠంగా మార్చకండి, తాతయ్యలా ఒక్క మాట చెప్పి ఆగండి అని. కానీ రాస్తుంటే ధైర్యం చాలడం లేదు. నాన్న ఆగగలడు, ఆయన ఉన్నది ఒంగోలులో. అక్కడ ఆయన చెప్పకపోయినా గుమ్మం, గోడ, వీధి చెబుతాయి. ఇక్కడ నేను చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు? మళ్ళీ అనిపిస్తుంది, ఆ రోజు నేను నోరు మూసుకుని ఉంటే తనే "తాతా, ఆ రాయి చూపించవా" అని అడిగేదేమో అని. అడిగేది కాదేమో కూడా. ఆ అవకాశం నేను ఇవ్వలేదు కాబట్టి ఇక ఎప్పటికీ తెలియదు.

క్లాసుకి ప్యాకెట్ ఇచ్చే పద్ధతి మానేశాను. మానేయగానే "అయితే ఈ ఏడు క్లాసుకి వెళ్ళను" అంది. రిజిస్ట్రేషన్ ఫారం ప్రింట్ తీసి భోజనాల బల్ల మీద పెట్టాను, తన రాయి పక్కనే. నిన్న రాత్రి తను ఎర్రటి ముద్ద ఒకటి నా చేతికిచ్చి మెత్తబరచమంది. కాసేపు పిసికి వంచాను. పగిలింది. "ఇంకా" అంది. వేళ్ళు నొప్పి పుట్టేదాకా పిసికి, చెయ్యి విదిలించుకుందామని ఆ ముద్దను అక్కడున్న కాగితం మీద పెట్టాను.

"అమ్మా! పేపర్ మీద పెట్టకు, ఆయిల్ పీల్చేస్తుంది" అని గబుక్కున తీసింది.

అప్పటికే ఫారం మీద గుండ్రంగా మరక పడింది. ఈ శుక్రవారం గడువు.