పెడల్ స్టీల్ సాధన: ఉగాది నుంచి దసరా దాకా

ఉగాదికి మొదలుపెట్టిన పెడల్ స్టీల్ గిటార్ (అడ్డంగా పెట్టుకుని, తీగల మీద స్టీల్ బార్ జారిస్తూ, కాలి పెడల్స్‌తో తీగల శ్రుతి మార్చే వాయిద్యం) ఎంతవరకు వచ్చిందో ఒకచోట రాసి పెడుతున్నా, మనవాళ్ళలో ఇంకెవరైనా మొదలుపెట్టాలనుకుంటే పనికొస్తుంది. నాది సెకండ్ హ్యాండ్ సింగిల్ నెక్, పది తీగలు, మూడు పెడల్స్, మోకాళ్ళతో నెట్టే నాలుగు లివర్లు, ఈ9 అనే ట్యూనింగ్ (తీగల శ్రుతి వరస). మొదలుపెట్టేవాళ్ళకి ఈ సెటప్ చాలు, అంతకంటే తక్కువ పెడల్స్, లివర్లు ఉన్నది మాత్రం చవగ్గా వచ్చినా తీసుకోవద్దు, ఎందుకంటే ఆల్బమ్స్‌లో వినే ఫిల్స్ (పాడే లైన్ల మధ్య వాయించే చిన్న ముక్కలు) సగం అవి లేకపోతే రావు.

డాలస్ దగ్గర ఉంటే కంట్రీ మ్యూజిక్ చెవిన పడకుండా ఎలాగూ ఉండదు, కానీ నన్ను పట్టేసింది మాత్రం కొత్తగా వస్తూ కూడా పాత పద్ధతిలో వినిపించే ఆల్బమ్స్. 2013లో విన్స్ గిల్, పాల్ ఫ్రాంక్లిన్ కలిసి చేసిన బేకర్స్‌ఫీల్డ్ ఆల్బమ్ అయితే అరిగిపోయేలా విన్నా, పాత కంట్రీ గాయకులు బక్ ఓవెన్స్, మెర్ల్ హాగర్డ్ పాటలే పది తీసుకుని మళ్ళీ చేశారు, స్టీల్ అంతా ఫ్రాంక్లిన్‌దే. అదే ఏడాది స్టర్జిల్ సింప్సన్ మొదటి ఆల్బమ్ హై టాప్ మౌంటెన్ వచ్చింది, 2015లో క్రిస్ స్టేపుల్టన్ ట్రావెలర్, ఈ రెండింట్లోనూ స్టీల్ వాయించింది రాబీ టర్నర్. ఈ మూడూ పక్కపక్కన పెట్టుకుని వింటే అర్థమయ్యేది ఏంటంటే స్టీల్ ఎంత తక్కువ వాయిస్తున్నారో. ట్రావెలర్‌లో అయితే కొన్నిచోట్ల ఉందా లేదా అన్నంత పల్చగా వెనకాల ఉంటుంది, తీసేస్తే మాత్రం పాట బోసిపోతుంది.

ఇక అసలు విషయం, ట్యూనింగ్. ఇంగ్లీషు చార్టుల్లో మొదటి తీగ నుంచి పదో తీగ దాకా ఎఫ్ షార్ప్, డి షార్ప్, జి షార్ప్, ఈ, బి, జి షార్ప్, ఎఫ్ షార్ప్, ఈ, డి, బి అని ఉంటుంది, నాకది బుర్రకెక్కలేదు. ఈ ని షడ్జమం అనుకుని రాసుకుంటే చతుశ్రుతి రిషభం, కాకలి నిషాదం, అంతర గాంధారం, షడ్జమం, పంచమం, మళ్ళీ గాంధారం, రిషభం, షడ్జమం, కైశికి నిషాదం, పంచమం. ఇలా రాసుకున్న రోజే మొత్తం వచ్చేసింది. అన్నిటికంటే పై స్థాయిలో మోగేది మొదటి తీగ కాదు, మూడోది, అదే పల్చటిది కూడా, 011 గేజ్ (తీగ మందం), తెగితే ముందు తెగేది అదే, అందుకని దాన్ని విడిగా నాలుగైదు కొని పెట్టుకోండి.

పెడల్స్ కూడా అలాగే రాసుకున్నా. ఎ పెడల్ తొక్కితే ఐదు, పది తీగల పంచమం చతుశ్రుతి ధైవతానికి ఎక్కుతుంది. బి పెడల్ తొక్కితే మూడు, ఆరు తీగల గాంధారం శుద్ధ మధ్యమానికి ఎక్కుతుంది. రెండూ కలిపి తొక్కితే స మ ద, అంటే బార్ కదపకుండానే నాలుగో కార్డ్ (మధ్యమం మీద కట్టిన, కలిసి మోగే స్వరాల గుంపు) వచ్చేసింది. సి పెడల్ నాలుగో తీగ షడ్జమాన్ని రిషభానికి, ఐదో తీగ పంచమాన్ని ధైవతానికి ఎత్తుతుంది. ఎడమ మోకాలు ఎడమవైపు నెడితే షడ్జమం శుద్ధ రిషభానికి పోతుంది, దాన్ని ఎఫ్ లివర్ అంటారు. ఇంకో లివర్ షడ్జమాన్ని కాకలి నిషాదానికి దింపుతుంది. మిగతావి ఇప్పటికి పక్కన పెట్టా.

విజయవాడలో మా పిన్ని వీణ చెప్తుంది. వీడియో కాల్‌లో పెట్టి వినిపిస్తే కాసేపు విని "ఏరా, ఇది వీణ మీద తీగ లాగినట్టే ఉంది కదా, కాకపోతే నువ్వు కాలితో లాగుతున్నావు, అంతేగా?" అంది. "అంతే పిన్నీ, కానీ పక్క తీగ మోగుతూ అక్కడే ఉంటుంది, అది విను" అన్నా. నాకు ఈ వాయిద్యంలో ప్రాణం అక్కడే ఉంది అనిపిస్తుంది. మామూలు హవాయిన్ గిటార్ మీద గానీ గోటువాద్యం మీద గానీ బార్ జారిస్తే దాని కింద ఉన్న తీగలన్నీ కలిసే జారతాయి. ఇక్కడ మూడు తీగలు మీటి ఒక్కదాన్నే కదపొచ్చు, స గ రెండూ నిలబడి ఉండగా ప మెల్లగా ద లోకి కరుగుతుంది. జనం ఏడుపు సౌండ్ అనేది దీన్నే, స్లైడ్‌ని కాదు.

ఈ ఏడుపు సౌండ్ మొదట అందరి చెవినా పడింది స్టీల్ వాయించే బడ్ ఐజాక్స్ వల్ల. వెబ్ పియర్స్ పాట ఒకటి 1954లో పెద్ద హిట్ అయింది, అందులో తీగ మోగుతుండగానే ఐజాక్స్ పెడల్ తొక్కాడు, ఆ వంపు విని మిగతా స్టీల్ వాయించేవాళ్ళంతా పెడల్స్ వెంట పడ్డారు. అతనికి ఇప్పటి ఎ, బి పెడల్స్ చేసే రెండు మార్పులూ ఒకే పెడల్ మీద ఉండేవి, తర్వాత ఇంకో స్టీల్ వాద్యకారుడు బడ్డీ ఎమన్స్ వాటిని రెండు పెడల్స్‌గా విడగొట్టాడు. ఇప్పుడు మనం ఎ, బి అని విడివిడిగా తొక్కుతున్నామంటే అది ఆయన పుణ్యమే, పైనున్న మొదటి రెండు తీగలు అదనంగా చేర్చింది కూడా ఆయనే.

కాలి పని గురించి కొంచెం ఎక్కువ రాయాలి, ఎందుకంటే నా టైమ్ అంతా దీనికే పోయింది. ఎడమ పాదం ఎ, బి రెండు పెడల్స్ మీదా అడ్డంగా ఉంటుంది, పాదం ఎడమ అంచు ఎ మీద, కుడి అంచు బి మీద. బి ఒక్కటే వదలాలంటే పాదం ఎత్తకూడదు, మడమ నేల మీదే ఉంచి చీలమండ ఎడమకి వాల్చాలి. అలా వాల్చినప్పుడు మోకాలు కూడా తనంతట తనే ఎఫ్ లివర్ వైపు పోతుంది, అందుకే ఎ పెడల్, ఎఫ్ లివర్ జంట ఒంటికి అంత సులువుగా పడుతుంది. నాది ఎమన్స్ సెటప్ కాబట్టి ఇలా, డే సెటప్‌లో పెడల్స్ వరస తిరగబడి ఉంటుంది. ఇంకోటి, ఇంట్లో మనం చెప్పుల్లేకుండా తిరుగుతాం కదా, ఒట్టి కాళ్ళతో తొక్కితే పెడల్ అంచు అరికాల్లో దిగుతుంది, పైగా బూట్లు వేసుకున్న రోజు ఎత్తు మారిపోయి అంతా కొత్తగా ఉంటుంది. పల్చటి అడుగు ఉన్న బూట్లు ఒక జత బయట వాడకుండా గిటార్ పక్కనే పెట్టా. స్పోర్ట్స్ షూ వద్దు, అడుగు మెత్తగా ఉండి పెడల్ ఎక్కడ ఆగిందో కాలికి తెలీదు.

రోజూ చేసే ఎక్సర్‌సైజ్ ఇది. మెట్రోనోమ్ 60 దగ్గర పెట్టి, మూడో ఫ్రెట్ మీద బార్ పెట్టి నాలుగు, ఐదు, ఆరు తీగలు మీటుతా, అది జి కార్డ్. నాలుగు బీట్ల మీద ఎ, బి మెల్లగా దించుతా, నాలుగో బీట్‌కి సి కార్డ్ పూర్తవ్వాలి, ముందే కాకూడదు. తర్వాత పెడల్స్ అలాగే పట్టుకుని ఐదో ఫ్రెట్‌కి జారితే డి. మళ్ళీ మూడుకి వచ్చి వదిలితే జి. అదే జి ఎ పెడల్, ఎఫ్ లివర్‌తో ఆరో ఫ్రెట్ దగ్గర, ఎ, బి కలిపి పదో ఫ్రెట్ దగ్గర కూడా ఉంది, ఈ మూడు చోట్ల మధ్య తిరగడం వస్తే సగం పాటలకి ఫిల్ దొరుకుతుంది. ఈ మూడు స్థానాలూ ఏ శ్రుతికైనా ఇదే దూరంలో ఉంటాయి, కాబట్టి ఒక్కసారి నేర్చుకుంటే చాలు.

బార్ ఫ్రెట్ గీత మీద సరిగ్గా నిలబడాలి, అక్కడున్నది మెట్టు కాదు, ఒట్టి గీత. తల పక్కకి వాలిస్తే గీత ఒకచోట, బార్ ఒకచోట కనపడతాయి, అందుకని పై ఫ్రెట్స్‌కి వెళ్ళేటప్పుడు ఒళ్ళు కూడా కొంచెం జరగాలి. ఎడమ చేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు బార్ వెనకాల తీగల మీద ఆనించి ఉంచితే గరగర పోతుంది. కుడి చేత్తో మీటగానే అరచేతి అంచుతో ముందు మీటిన తీగల్ని ఆపడం ఇంకా కష్టం. అదొక్కటే రోజూ కొంతసేపు పెడల్స్ ముట్టుకోకుండా చేస్తున్నా, స్కేల్ వాయించి ప్రతి స్వరం తర్వాతి దాంట్లో కలవకుండా.

ట్యూనర్ చూపించే సున్నా దగ్గర గాంధారం పెడితే ఈ వాయిద్యం మీద కార్డ్ కీచుగా ఉంటుంది. జి షార్ప్ దాదాపు 14 సెంట్లు (పక్కపక్క స్వరస్థానాల మధ్య దూరంలో నూరో వంతు ఒక సెంటు) తగ్గిస్తే తీగలన్నీ ఒక్కటై మోగుతాయి. తంబురా మీటితే తనంతట తనే వినపడే స్వయంభూ గాంధారం ఉంది కదా, అదే ఇది. పెడల్ తొక్కినప్పుడు వచ్చే ధైవతం కూడా అలాగే తగ్గాలి, దానికి కుడివైపు చివర ఉన్న నైలాన్ నట్లు చిన్న రెంచ్‌తో తిప్పాలి. మధ్యమం మాత్రం ట్యూనర్‌కి దగ్గర్లోనే ఉంటుంది. మొదట్లో ట్యూనర్ చూస్తూ చేసినా ఇప్పుడు షడ్జమం ఒక్కటి చూసుకుని మిగతావి చెవితోనే పెట్టుకుంటున్నా. పెడల్స్ గట్టిగా తొక్కితే గిటార్ బాడీయే కాస్త వంగి మిగతా తీగలు దిగుతాయి, అందుకే ఆగే చోటు దాకానే తొక్కాలి, దాన్ని దాటి నొక్కితే లాభం లేదు.

వాల్యూమ్ పెడల్ కుడి కాలి కింద. మీటేటప్పుడు సగానికి ఉండి, స్వరం సన్నగిల్లుతుంటే అంతే మెల్లగా తెరవాలి, వినేవాడికి స్వరం అలాగే నిలిచినట్టు ఉండాలి. ప్రతి మీటుకీ ఊపుతూ పోతే పాట అంతా ఊగుతుంది. ఆస్టిన్‌లో బ్రోకెన్ స్పోక్ అని 1964 నుంచి నడుస్తున్న డాన్స్ హాల్ ఉంది, అక్కడ స్టేజ్ పక్కన నిలబడి స్టీల్ ఆయన కాళ్ళే చూస్తూ ఉన్నా. జంటలు టూ స్టెప్ వేస్తూ మా ముందు నుంచి తిరుగుతున్నారు, పాడే ఆయన నోరు తెరిచిన ప్రతిసారీ ఈయన కుడి మడమ వెనక్కి పడి సౌండ్ తగ్గుతోంది, లైన్ అయిపోయి ఊపిరి తీసుకునే సందులో ముందుకి వస్తోంది. చేతులు మధ్యలో ఆగినా ఆ మడమ మాత్రం పాటంతా మాటల్ని అనుసరిస్తూనే ఉంది. ఇంటికొచ్చాక నేను కూడా సాహిత్యం కాగితం మీద రాసి, ఫిల్ ఎక్కడ పడాలో అక్కడ మాత్రమే గీత పెట్టుకుని వాయించడం మొదలుపెట్టా.

బేకర్స్‌ఫీల్డ్‌లో టుగెదర్ ఎగైన్ ఉంది, 1964లో బక్ ఓవెన్స్ పాడినప్పుడు టామ్ బ్రమ్లీ వాయించిన సోలో స్టీల్ నేర్చుకునే ప్రతివాడూ వినాల్సిందే. పాతది, ఫ్రాంక్లిన్‌ది రెండూ స్పీడ్ తగ్గించి లైన్ తర్వాత లైన్ విన్నా. బ్రమ్లీది విన్న ప్రతిసారీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది, హడావిడి అన్నది లేదు, ప్రతి స్వరం వచ్చి కూర్చున్నాకే తర్వాతది కదులుతుంది. సోలో మొదటి సగం ఇప్పుడు అసలు స్పీడ్‌లో పడుతోంది, రెండో సగంలో పై ఫ్రెట్స్ దగ్గర శ్రుతి ఇంకా నిలబడాలి, అక్కడ గీతలు దగ్గరగా ఉంటాయి కాబట్టి బార్ వెంట్రుకవాసి జరిగినా తెలిసిపోతుంది.

దీపావళి లోపు చేయాల్సినవి రెండు. ఒకటి, తీగలు మొత్తం మార్చి పెడల్ ట్యూనింగ్ మళ్ళీ మొదటి నుంచి పెట్టుకోవడం. రెండు, షడ్జమాన్ని నిషాదానికి దింపే లివర్. అది నొక్కితే ఉన్న ఫ్రెట్ మీదే మూడో మైనర్ కార్డ్ (గాంధారం మీద కట్టినది) వస్తుంది, ట్రావెలర్‌లో నాకు నచ్చిన మెత్తటి చోట్ల కోసం దాన్ని ఎ పెడల్‌తో వచ్చే ఆరో మైనర్ (ధైవతం మీద కట్టినది) పక్కన పెట్టి చూడాలి. ముందు మోకాలు ఎంత దూరం కదలాలో చూసి లివర్ దగ్గరికి సర్దుకుంటా, తర్వాత 60 దగ్గర ఇదే నాలుగు బీట్ల పద్ధతి.