“బాగానే ఉన్నాం తల్లీ” అన్న జవాబును ఎలా కొలవాలి?

నేను పర్లాకిమిడిలో పుట్టి, ఒడియా మాధ్యమంలో చదువుకుని, తెలుగు చదవడం, రాయడం ఇంట్లో నాన్నగారి దగ్గర నేర్చుకున్నదాన్ని. పరిశోధనకు విషయం ఎంచుకోవలసి వచ్చినప్పుడు, ఒడిశాలోని గంజాం, గజపతి జిల్లాల్లో ఉండే తెలుగువాళ్ళ జీవన నాణ్యతను వర్గాలవారీగా పోల్చి చూడాలనుకున్నాను. ఋషికుల్య నది ముఖద్వారం నుంచి గోపాల్‌పూర్ వరకు తీరం వెంబడి ఉన్న మత్స్యకారులు ఒక వర్గం, బరంపురం బజారులోని చిన్న దుకాణదారులు రెండో వర్గం, కొడుకులు సూరత్ మరమగ్గాల పనికి వెళ్ళిపోగా ఊళ్ళో మిగిలిన వృద్ధ దంపతులు మూడో వర్గం. ఏడాదిన్నరలో ముగుస్తుందనుకున్న పని మూడేళ్ళు పట్టింది. ఇలాంటి సర్వేకు బయలుదేరేవారికి పనికివస్తుందన్న ఆశతో, ఆ కాలం ఎక్కడెక్కడ ఖర్చయిందో ఇక్కడ రాస్తున్నాను.

నేను వాడినది ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి 26 ప్రశ్నల పత్రం. ఆ సంస్థ 1991లో ఈ పని మొదలుపెట్టి, వేర్వేరు దేశాల కేంద్రాలలో ఒకేసారి పరీక్షించి ముందుగా 100 ప్రశ్నల పత్రాన్ని, తరువాత దాని నుంచి ఈ చిన్న పత్రాన్ని రూపొందించింది. మొదటి రెండు ప్రశ్నలు మొత్తం జీవితం గురించి, ఆరోగ్యం గురించి అడుగుతాయి. మిగిలిన 24 ప్రశ్నలు శరీరం, మనసు, సంబంధాలు, పరిసరాలు అనే నాలుగు రంగాలలో సర్దుకుంటాయి. ప్రతి ప్రశ్నకూ ఐదు మెట్ల జవాబు ఉంటుంది. మనిషి తన బతుకును తన సంస్కృతి, తన విలువలు, తన ఆశల మధ్య నిలబడి తానే ఎలా అంచనా వేసుకుంటాడన్నది ఆ సంస్థ జీవన నాణ్యతకు ఇచ్చిన నిర్వచనంలోని సారం. ఆ నిర్వచనాన్ని నేను చాలాసార్లు చదివాను గాని, దాని బరువు ఎంతో తీరం మీద కూర్చున్నప్పుడే తెలిసింది.

ప్రశ్నలను మా ప్రాంతపు తెలుగులోకి మార్చి, ఇంగ్లీషు పాఠం చూడని మరొకరి చేత తిరిగి ఇంగ్లీషులోకి రాయించి, రెండింటినీ పక్కపక్కన పెట్టి సరిచూశాను. కాగితం మీద అంతా కుదిరింది. గోపాల్‌పూర్ దగ్గర ఒక పెద్దమ్మ ఇసుక మీద పరిచిన వల గుడ్డ మీద నెత్తళ్ళు ఎండబెడుతూ, వాటిని అరచేత్తో తిరగేస్తూ, నా మొదటి ప్రశ్న విని చెయ్యి ఆపింది. “నాణ్యత అంటే ఏటి తల్లీ? బియ్యానికి సూత్తారు, అదేనా?” అని అడిగింది. ఆ మాటను అక్కడికక్కడే కొట్టివేసి, “మీ బతుకు ఎలా ఉందని మీకు అనిపిస్తోంది?” అని మార్చాను. “బాగానే ఉన్నాం తల్లీ,” అంది. “బాగానే” అన్న ఆ మాట ఐదు మెట్లలో ఎక్కడ కూర్చుంటుందో నాకు తెలియలేదు. ఆ పెద్దమ్మ పత్రంలో ఆ గడి ఆ రోజు ఖాళీగానే ఉంచాను.

సర్వేలో పాల్గొనడం ఇష్టమేనని ముందుగా తీసుకునే అంగీకార పత్రం కథ వేరు. తెలుగువాళ్ళ దగ్గరికి వెళుతున్నాను కాబట్టి తెలుగులో రాసి నైతిక పరిశీలన సంఘానికి పంపాను. అనుమతి రావడానికి ఐదు నెలలు పట్టింది. తీరా ఊళ్ళోకి వెళితే, ఇంట్లో తెలుగే మాట్లాడే పిల్లలు ఒడియా అక్షరాలు మాత్రమే చదవగలుగుతున్నారు, పెద్దవాళ్ళలో చాలామందికి ఏ అక్షరాలూ రావు. మన భాష ఇక్కడ నాలుక మీద ఉంది, పలక మీద లేదు. అలాంటి ఇంట్లోనే పెరిగిన నేను ఈ సంగతి ముందుగా ఊహించకపోవడం నన్ను చాలా రోజులు బాధపెట్టింది. చివరికి తెలుగు మాటలనే ఒడియా లిపిలో రాసి మళ్ళీ అనుమతి తీసుకున్నాను. చదువు రానివారికి, భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలలో చెప్పినట్టు, పరిశోధనతో సంబంధం లేని ఒక సాక్షి ఎదుట మొత్తం చదివి వినిపించి వేలిముద్ర తీసుకున్నాను. ఆ సాక్షులు ఎక్కువగా ఇంటి పక్కనున్న ఇంటర్ పిల్లలే.

ఐదు మెట్లు అర్థం కావడానికి ఒక అట్ట మీద ఐదు కుండలు గీయించాను. మొదటిది ఖాళీ, చివరిది నిండు. ఇది చక్కగా పనిచేసిందని సంతోషించాను. వృద్ధుల వర్గం పత్రాలు కంప్యూటర్లోకి ఎక్కించాక, గోడ పట్టుకుని లేచిన ఒక తాతగారి శారీరక రంగం మార్కులు ఆ ఊళ్ళో అందరికంటే ఎక్కువగా కనిపించాయి. వెనక్కి తిరిగి వెతికాను. ఈ పత్రంలో 3, 4, 26 ప్రశ్నలు మిగిలినవాటికి ఎదురుగా నడుస్తాయి. నొప్పి మీ పనికి ఎంత అడ్డు, వైద్యం ఎంత అవసరం, దిగులు ఎన్నిసార్లు అన్న ప్రశ్నలవి. వాటిలో ఎక్కువ అంటే చెడు కాబట్టి, జవాబును ఆరులోంచి తీసివేసి తిప్పి రాయాలి. నేను తిప్పాను కూడా. కాని తాతగారు మాత్రం నిండు కుండ అంటే మంచిదనే అనుకుని, నొప్పి బాగా ఉంది కాబట్టి ఖాళీ కుండ మీద వేలు పెట్టారు. ఆ మూడు ప్రశ్నలకు కుండలు తీసేసి మాటలతోనే అడగడానికి, అప్పటికే తిరిగిన ఇళ్ళన్నిటికీ మళ్ళీ వెళ్ళాను. ఆ పనికి రెండు నెలలు పట్టింది, ఒక్క రోజు కూడా వృథా అనిపించలేదు.

సంబంధాల రంగంలో మూడే ప్రశ్నలు ఉంటాయి, వాటిలో ఒకటి దాంపత్య జీవితం గురించి. వయసు మళ్ళినవారు ఆ ప్రశ్నకు తల దించుకునేవారు, నేను ముందుకు వెళ్ళిపోయేదాన్ని. ఒక్క ప్రశ్న ఖాళీ అయితే లెక్క కట్టవచ్చు. అయితే స్నేహితుల ఆదరణ గురించిన ప్రశ్నకు కూడా “ఈ వయసులో నేస్తాలేటమ్మా” అనేవారు. రెండు ఖాళీలు వస్తే ఆ రంగానికి మార్కులు ఇవ్వకూడదు. అందువల్ల వృద్ధులలో చాలామందికి ఆ గడి లేకుండానే ఫలితాలు రాశాను. ఏదో ఒక అంకె పెట్టి నింపడం నాకు సమ్మతం కాలేదు.

మత్స్యకారుల దగ్గర కాలం అడ్డు వచ్చింది. పత్రం “గత రెండు వారాలు” అని అడుగుతుంది. నేను మొదట వెళ్ళింది ఫిబ్రవరిలో. గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే సముద్ర తాబేళ్ళ రక్షణ కోసం ఋషికుల్య ముఖద్వారం చుట్టూ నవంబరు 1 నుంచి మే 31 వరకు చేపల వేట నిషేధం ఉంటుంది. దాని మీద తూర్పు తీరమంతటికీ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల నిషేధం కూడా వచ్చి కలుస్తుంది. పడవ ఒడ్డున పడి ఉన్న రెండు వారాలను అడిగి, అదే వీళ్ళ బతుకు అని రాయడం అన్యాయం. వేట మళ్ళీ మొదలయ్యాక రెండోసారి వెళ్ళి, రెండు కాలాల జవాబులనూ విడివిడిగా ఉంచాను.

ఇన్ని సరిదిద్దుకున్నాక కూడా ఒక చిక్కు మిగిలింది. ఆరోగ్యంతో తృప్తి ఉందా అంటే, ఉప్పునీటిలో కాళ్ళు పగిలి, ఎండకు కళ్ళు మసకబారిన మత్స్యకారులు, బీపీ మాత్రలు వేళకు వేసుకునే బరంపురం దుకాణదారులకంటే మెరుగైన జవాబు ఇస్తున్నారు. వాళ్ళకు తృప్తి ఎక్కువ అని రాసి ఊరుకోవచ్చునని ఒకరు సలహా ఇచ్చారు. నేను ఒప్పుకోలేదు. అమర్త్య సేన్ 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాసిన ఒక చిన్న వ్యాసం అప్పుడు నాకు చేయూత అయింది. ఆయుర్దాయం ఎక్కువగా ఉన్న కేరళలోనే జనం తమకు జబ్బులున్నాయని ఎక్కువగా చెబుతారని, ఆయుర్దాయం తక్కువైన బీహారులో అలా చెప్పేవారు తక్కువని ఆయన చూపించారు. వైద్యం అందుబాటులో ఉన్నచోట మనిషి తన నొప్పిని జబ్బుగా గుర్తిస్తాడు, లేనిచోట దాన్ని వయసు అనో, పని అనో అనుకుంటాడు.

దీనికి ఒక మార్గం ఉంది. ముందుగా ఒక ఊహాజనిత మనిషి కథ చెప్పి, ఆ మనిషికి మార్కులు వేయమని అడగాలి. ఆ మార్కులను బట్టి, అడిగించుకున్నవారి చేతిలో ఉన్న కొలబద్ద తెలుస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా తన ప్రపంచ ఆరోగ్య సర్వేలో ఈ పద్ధతిని వాడింది. నేను రాసుకున్న కథ ఇది: సీతమ్మకు మోకాళ్ళ నొప్పి. పొద్దున లేవగానే గోడ పట్టుకుని నాలుగు అడుగులు వేస్తే గాని నడక కుదురుకోదు. పని మాత్రం మానదు. ఆ నొప్పి ఆమెకు ఎంత అడ్డు?

నెత్తళ్ళ పెద్దమ్మ, “లేచి నడుత్తంది కదా, అది నొప్పేటి?” అంది. బరంపురంలో కిరాణా దుకాణం చూసుకునే ఒక ఇల్లాలు, “అయ్యో, ఇంకా డాక్టరుకు చూపించలేదా? చాలా ఎక్కువండీ అది,” అన్నారు. పర్లాకిమిడి దగ్గర పల్లెలో, ఇద్దరు కొడుకులనూ సూరత్ పంపిన తాతగారు కథంతా విని, చాలాసేపు ఊరుకుని, “ఆవిడ కొడుకులు ఊళ్ళోనే ఉన్నారా?” అని నన్నే తిరిగి అడిగారు.

ఆ ప్రశ్నతో నా కథ సరిపోదని తేలింది. ఈ పద్ధతి నిలబడాలంటే అందరూ ఒకే సీతమ్మను ఊహించుకోవాలి. తాతగారు ఊహించుకున్న సీతమ్మకు నీళ్ళ బిందె అందించేవారు లేరు, మిగిలినవాళ్ళ సీతమ్మకు ఉన్నారు. “కొడుకూ కోడలూ పక్కింట్లోనే ఉంటారు” అన్న వాక్యం చేర్చి మూడు వర్గాలలోనూ మళ్ళీ అడిగాను. కొలబద్దల తేడాను లెక్కలోకి తీసుకున్నాక, ఆరోగ్యం విషయంలో దుకాణదారుల మీద మత్స్యకారులకు మొదట కనిపించిన ఆధిక్యం నిలవలేదు.

మౌఖిక పరీక్షలో, మూడు వర్గాలలో ఎవరి బతుకు మెరుగు అని అడిగారు. ఒకే వరుసలో పెట్టిన పట్టిక నేను వేయలేదని చెప్పి, మత్స్యకారుల రెండు కాలాల పట్టికలనూ, వృద్ధుల పట్టికలో ఖాళీగా ఉన్న గడులనూ చూపించాను. పత్రాల అంచుల మీద పెన్సిలుతో రాసుకున్న మాటలను పేర్లు తీసేసి అనుబంధంలో ఉన్నవి ఉన్నట్టు చేర్చాను. తాతగారు నన్ను తిరిగి అడిగిన ప్రశ్న అందులో మొదటి పేజీలోనే ఉంది.